హరిబౌలి నుంచి పురానీ హవేలీ దాకా

రండి, కూర్చోండి. చాయ్ చెప్పాను, ఉస్మానియా బిస్కెట్లు కూడా వస్తాయి. ఈ పూట మీతో ఉద్యోగాల గురించి మాట్లాడాలని ఉంది. నోటిఫికేషన్లు, పరీక్షలు, కటాఫ్ మార్కుల సంగతి కాదు. కొలువులో చేరిన మనిషి పైకి ఎలా వెళ్తాడు, ఎవరి చెయ్యి పట్టుకుని వెళ్తాడు, ఆ చెయ్యి జారితే ఏమవుతాడు, అదీ విషయం. ఇది మాట్లాడుకోవడానికి చార్మినార్ చుట్టుపక్కలకన్నా మంచి చోటు నాకు తెలియదు. నాలుగు వందల ఏళ్ళుగా ఎక్కడెక్కడి నుంచో కొలువు వెతుక్కుంటూ జనం ఇక్కడికి వచ్చారు. కొందరు ఎక్కారు, కొందరు ఎక్కి పడ్డారు. వాళ్ళ పేర్లతోనే మనం ఇవాళ ఆటోవాళ్ళకు చిరునామా చెబుతున్నాం.

ముందుగా హరిబౌలి. చార్మినార్ దగ్గర బయల్దేరి శాలిబండ వైపు వెళ్ళే దారిలో అక్కన్న మాదన్న గుడి ఉంది కదా. బోనాలప్పుడు ఏనుగు మీద ఘటం ఊరేగింపు చూడటానికి జనం విరగబడతారు. అంత జనంలో ఎంతమందికి గుర్తుంటుందో గానీ, ఆ పేర్లు గల అన్నదమ్ములిద్దరూ ఉద్యోగస్తులు. హనుమకొండ నుంచి వచ్చిన బ్రాహ్మణ కుటుంబం వాళ్ళది. సైదాబాద్ పక్కనున్న మాదన్నపేట ఈ మాదన్న పేరు మీద వెలిసిందే.

మాదన్న గోల్కొండ కొలువులో చిన్న రాతపనితో మొదలయ్యాడు. ఆ రోజుల్లో గోల్కొండ ఖజానాకు శిస్తు వచ్చేది తెలుగు పల్లెల్లోని కరణాల లెక్కల నుంచి. దర్బారు వ్యవహారం నడిచేది ఫారసీలో. ఈ రెండింటి నడుమ నిలబడి ఇక్కడి లెక్క అక్కడ చెప్పగలిగినవాడి విలువ ఎంతో మీరే ఊహించుకోండి. మాదన్న అలాంటివాడు. ఆ పనితనమే ఆయన్ను సయ్యద్ ముజఫర్ అనే పెద్ద ఉమరావు దగ్గరికి చేర్చింది, ఆయనకు నమ్మకస్తుణ్ణి చేసింది.

1672లో సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా పోయాడు. కొడుకులు లేరు, అల్లుళ్ళున్నారు. పెద్దల్లుడు సయ్యద్ అహ్మద్ అప్పటికే అధికారం చలాయిస్తున్నాడు. చిన్నల్లుడు అబుల్ హసన్ పెళ్ళికి ముందు షా రాజూ అనే సూఫీ గురువు ఆశ్రమంలో ఏళ్ళ తరబడి శిష్యరికం చేసినవాడు. ఆ గురువు దర్గా ఫతే దర్వాజా వైపు ఇప్పటికీ ఉంది. ముజఫర్, మూసా ఖాన్ వంటి సర్దార్లు చిన్నల్లుడి పక్షం చేరి ఆయన్నే గద్దెనెక్కించారు. తానీషా అని మనం చెప్పుకునేది ఈయన్నే. ఫకీరు దగ్గర పెరిగినవాడు, పాలన మనకు వదిలేసి పాటలు వింటూ కూర్చుంటాడని ముజఫర్ లెక్క వేసుకుని ఉంటాడు. ఆ లెక్క తప్పింది. మంత్రి అయిన ముజఫర్ పెత్తనం సుల్తానుకు నచ్చలేదు. మంత్రి గుట్టుమట్లన్నీ తెలిసిన మనిషి కోసం చూస్తే కనబడినవాడు మాదన్న. ఇద్దరి మధ్య మాట కుదిరింది. ముజఫర్ కింద పనిచేసే వాళ్ళను మాదన్న ఒక్కొక్కరినే తన వైపు తిప్పుకున్నాడు. చివరికి ముజఫర్ వెనక్కి తిరిగి చూసుకుంటే నిలబడ్డవాడు లేడు. ఆయన దిగిపోయాడు, మాదన్న మీర్ జుమ్లా, అంటే ప్రధానమంత్రి అయ్యాడు.

ఈ కథను చాకచక్యానికి ఉదాహరణగా చెప్పేవాళ్ళున్నారు. నేను అలా చెప్పలేను. పైకి లాగిన చేతినే నరికి ఎక్కిన మెట్టు అది. ఆ దర్బారులో అది మామూలే అనవచ్చు, నిజమే కావచ్చు కూడా. కానీ దాన్ని చూసినవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకుంటారు: ఈయన్ను నమ్మి దగ్గరికి తీసినవాడి గతి ఇదీ అని. ఆ తర్వాత ఆయనతో స్నేహం చేసేవాడు చేతికందే దూరంలో ఉండడు.

పాలకుడిగా మాదన్న సమర్థుడు. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చి ఇంచుమించు నెల్లాళ్ళున్నప్పుడు, ఆ పొత్తు కుదర్చడంలో మాదన్నదే పెద్ద చెయ్యి. శివాజీకి విందు కూడా ఆయన ఇంట్లోనే జరిగింది. కానీ కొలువులో ఆయన చుట్టూ అల్లుకున్న మనుషులను చూడండి. సోదరుడు అక్కన్న, మేనల్లుళ్ళు, బంధువులు. పైన ఒక్క సుల్తాను, కింద సొంతవాళ్ళు. పక్కన ఎవరూ లేరు. పదవులు పోయిన ఉమరావులు, జనానాలోని పెద్ద బేగంలు, అందరూ దూరమే. 1685-86 కల్లోలంలో మొగలు సేన హైదరాబాదును కొల్లగొట్టింది. సుల్తాను గోల్కొండ కోటలో తలదాచుకున్నాడు. మాదన్న సోదరులను తొలగించాలని ఔరంగజేబు ఒత్తిడి. ఆ రోజుల్లో ఒక రాత్రి కోట వీధిలోనే అన్నదమ్ములిద్దరినీ చంపేశారు. ఆపడానికి ఒక్క సర్దారు అడ్డం రాలేదు. మరుసటి ఏడాది, 1687లో, గోల్కొండే పడిపోయింది.

ఇదంతా ఒక మనిషి పరిచయాల లోపం వల్లే జరిగిందని నేననను. సామ్రాజ్యాల పోరు, మతద్వేషం, ఖజానా మీద ఆశ, ఎన్నో కలిశాయి. అయినా, అంత ఎత్తున ఉన్న ఇద్దరికి ఆపదలో అండగా వచ్చే సాటివాడు ఒక్కడైనా లేకపోవడం నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. వాళ్ళ మేనల్లుడు కంచర్ల గోపన్నను, మన భద్రాచల రామదాసును, తలుచుకోండి. మేనమామలు అంత పదవుల్లో ఉండగానే ఆయన గోల్కొండ ఖైదులో ఏళ్ళు గడపవలసి వచ్చింది. ఒకే మనిషి దయ మీద నిలిచిన పలుకుబడికి ఉన్న బలం అంతే.

చాయ్ వచ్చింది, తాగండి.

మీరు అడగబోయేది నాకు తెలుసు. "ఇదంతా సిఫారసుల గోల. పని వచ్చినవాడికి ఇవన్నీ ఎందుకండీ?" అని. చదువుకున్న మన ఇళ్ళలో పిల్లలకు చెప్పి పెంచేది ఇదే. తల వంచుకుని పని చేసుకో, గుర్తింపు అదే వస్తుంది అని. ఆ మాట చెప్పే తల్లిదండ్రుల మీద నాకు గౌరవం ఉంది. కానీ అది సగమే నిజం. ఇదే వీధుల్లోంచి రెండో కథ చెబుతాను, వినండి.

లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు వేసే, నక్షాలు గీసే ఉద్యోగంలో చేరాడు. ఫొటోగ్రఫీ ఆయనకు సరదాగా పట్టుకున్న విద్య. ఆ సరదా పని అక్కడి బ్రిటిష్ ఏజెంటు సర్ హెన్రీ డేలీ కంట్లో పడింది. ఆయన ప్రోత్సాహంతో దొరలకు, రాజులకు ఈ కుర్రాడి పనితనం తెలిసింది. 1875-76లో వేల్స్ యువరాజు వచ్చినప్పుడు ఫొటోలు తీసే అవకాశం వచ్చింది. 1882లో డేలీ తర్వాత వచ్చిన ఏజెంటు సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేల్‌ఖండ్ పర్యటనకు వెళ్తూ వెంట తీసుకెళ్ళాడు. ఆ పర్యటనలో తీసిన కోటలు, గుళ్ళ ఛాయాచిత్రాలు పుస్తకంగా వచ్చాయి. అక్కణ్ణుంచి వైస్రాయి డఫరిన్ దాకా. 1880ల నడుమ హైదరాబాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ను ఆస్థాన ఛాయాగ్రాహకుణ్ణి చేశాడు. ఇక్కడి పురానీ హవేలీలో, చౌమహల్లాలో, ఫలక్‌నుమాలో ఆయన కెమెరా చూడని మూల లేదు. 1894లో 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' బిరుదు. 1897లో విక్టోరియా రాణి నుంచి నియామక పత్రం (రాయల్ వారంట్).

ఈ గొలుసులో నన్ను ఆకట్టుకునేది ఏమిటంటే, ఏ కొత్త పరిచయమూ పాత పరిచయాన్ని తొక్కి రాలేదు. ప్రతి మనిషీ ఇంకో మనిషికి ఆయన్ను అప్పగించాడు. అప్పగించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా, అది ఆ ఫొటో. మాట సాయం చేసేవాడికి భయం లేకుండా చేసింది ఆయన పని. నమ్మి ఒకరి పేరు ఇంకొకరికి చెప్పడమంటే మన పరువు తాకట్టు పెట్టడమే. ఆ తాకట్టు పోదని ధీమా ఇచ్చిన మనిషికే రెండో తలుపు తెరుచుకుంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన పైవాళ్ళతోనే ఆగలేదు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి తన కింద పనివాళ్ళను తయారుచేసుకున్నాడు. 1892లో, పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతుల్లో పెట్టాడు. మగవాళ్ళెవరూ వెళ్ళలేని ఇళ్ళ తలుపులు దాంతో తెరుచుకున్నాయి. తాను వెళ్ళలేని చోటికి వెళ్ళగలిగిన మనిషిని గుర్తించి, ఆమెకు పెత్తనం ఇవ్వడం గొప్ప తెలివి అంటాను నేను.

పైవాళ్ళ సంగతి సరే, పక్కవాళ్ళ మాటేమిటంటే లాడ్ బజారుకు వెళ్దాం. గాజుల కొట్లో మీకు కావలసిన సైజు లేదనుకోండి. కొట్టువాడు మిమ్మల్ని వెళ్ళనివ్వడు. కూర్చోబెట్టి, కుర్రాణ్ణి పంపించి పక్క గల్లీలోని ఇంకో కొట్టు నుంచి జత తెప్పిస్తాడు. ఆ కొట్టువాడు ఆయనకు పోటీదారే. అయినా రేపు ఆ కుర్రాడు ఇటు పరుగెత్తుకొస్తాడని ఇద్దరికీ తెలుసు. ఇందులో పుస్తకంలో రాసుకునే బాకీ ఏమీ ఉండదు. పత్తర్‌గట్టీ ముత్యాల వ్యాపారంలోనూ ఇదే తీరు, సరుకు చేతులు మారేది ఎక్కువగా నమ్మకం మీదే. మన ఆఫీసుల్లో పక్క విభాగం వాళ్ళను చూస్తే ఈ బుద్ధి ఎందుకు రాదో నాకు అర్థం కాదు. పక్క టీములో పనిచేసే వాడి చిక్కు ఒకటి తీర్చి చూడండి. రెండేళ్ళ తర్వాత అతను ఇంకో కంపెనీలో ఉంటాడు. అక్కడ ఖాళీ వచ్చినప్పుడు ముందు గుర్తొచ్చే పేరు మీదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఈ మాట నేను ఊహించి చెప్పడం లేదు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సమాజ శాస్త్రవేత్త బోస్టన్ దగ్గర న్యూటన్ అనే ఊళ్ళో ఉద్యోగం మారినవాళ్ళు 282 మందిని పరిశీలించాడు. సగానికి పైగా, 56 శాతం మందికి పని దొరికింది తెలిసినవాళ్ళ ద్వారానే. తెలిసినవాళ్ళంటే రోజూ కలిసే ప్రాణస్నేహితులు అనుకుంటాం కదా. అలా తరచూ కలిసేవాళ్ళ ద్వారా దొరికినవాళ్ళు ఆరింట ఒకరు మాత్రమే. మిగతావాళ్ళకు సాయపడింది అప్పుడప్పుడు కలిసేవాళ్ళు, ఎప్పుడో గానీ కలవనివాళ్ళు. 1973లో ఆయన రాసిన వ్యాసం ఈ విషయం మీద ఇవాళ్టికీ అందరూ తిరగేసేది. కారణం తేలిక. మీ ఇంటివాళ్ళకు, మీ జిగిరీ దోస్తులకు తెలిసినవి మీకు ముందే తెలుసు. వేరే గుంపులో తిరిగే మనిషి దగ్గరే మీకు తెలియని కబురు ఉంటుంది. 2022లో లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద జరిగిన అధ్యయనం కూడా ఇంచుమించు ఇదే చెప్పింది, కొద్దిపాటి సవరణతో: మరీ దూరపు పరిచయం కన్నా, ఓ మోస్తరు దూరపు పరిచయం ఎక్కువ పనికొస్తుందట.

ఇదే ముచ్చట పాతబస్తీలో బోస్టన్‌కు వందేళ్ళ ముందే జరిగింది. నిజాం రాజ్యంలో శిస్తు లెక్కల దఫ్తర్లు తరతరాలుగా కొన్ని కుటుంబాల చేతుల్లో ఉండేవి. మాల్‌వాలా అనే కాయస్థ కుటుంబం ఇంటిపేరే అలాంటి ఒక దఫ్తరు పేరు నుంచి వచ్చింది. పెళ్ళిళ్ళు, పదవులు, సిఫారసులు, అన్నీ ఆ బంధువర్గంలోనే తిరిగేవి. 1853లో పాతికేళ్ళు కూడా నిండని మీర్ తురాబ్ అలీ ఖాన్ దివాను, అంటే ప్రధాని అయ్యాడు. మొదటి సాలార్‌జంగ్ అని మనం పిలిచేది ఆయన్నే. పాత దఫ్తర్లను ఆయన వెంటనే పడగొట్టలేదు. వాటికి మర్యాద మిగిల్చి, పక్కనే కొత్త శాఖలు కట్టుకుంటూ పోయాడు. వాటికి బయటినుంచి చదువుకున్నవాళ్ళను పిలిపించాడు. అసలు పని మెల్లగా అటు నడిచివెళ్ళింది. తమలో తాము గట్టిగా అల్లుకున్న పాత కుటుంబాల్లో చాలామందికి ఆ మార్పు ఆలస్యంగా గానీ తెలియలేదు. కాయస్థుల మీద కరెన్ లెనర్డ్ అనే చరిత్రకారిణి 1978లో పెద్ద పుస్తకమే తెచ్చింది. అందులోని ఆ కుటుంబాల దారులు చదువుతుంటే ఒకటి అర్థమవుతుంది: బంధువుల బలగం ఉన్న పదవిని నిలబెట్టగలదు గానీ, లేని దారి చూపించడం దానికి కష్టం.

కొత్తవాళ్ళు రావడంతో స్థానికులకు అన్యాయం జరిగిందన్న బాధ కూడా ఇక్కడే పుట్టింది. ముల్కీ (స్థానికుడు), గైర్ ముల్కీ (బయటివాడు) అనే తగాదాకు వేళ్ళు ఆ రోజుల్లోనే ఉన్నాయి. ఆ బాధ నిజం. పరిచయాల మీద నడిచే లోకంలో పరిచయాలు లేనివాడు ఎంత తెలివైనవాడైనా గడప బయటే నిలబడతాడు. అందుకే పరీక్షలు, నియమాలు, రిజర్వేషన్లు కావాలి, వాటి జోలికి ఎవరూ రాకూడదు. నేను మాట్లాడుతున్నది లోపలికి వచ్చాక సంగతి, ఏ నియమమూ రాయని సంగతి.

ఈ నియమాలు రాయనిచోటే మన పాతబస్తీ పిల్లలు దెబ్బతింటున్నారని నా బాధ. శాలిబండలోనో, యాకుత్‌పురాలోనో చదువుకుని, బస్సులు మారి గంటన్నర ప్రయాణం చేసి మాదాపూర్ చేరతారు. పని బాగా చేస్తారు. ఆరు కొట్టగానే తిరుగు ప్రయాణం చూసుకోవాలి. ఆడపిల్లలైతే ఇంకా ముందే. ఆ తర్వాత జరిగే చాయ్ ముచ్చట్లలో, శనివారం ఆటల్లో, విందుల్లో వాళ్ళు ఉండరు. ప్రమోషన్ మాట వచ్చినప్పుడు ఆ అమ్మాయి పేరు ఎత్తేవాళ్ళు ఉండరు. ఎవరికీ ద్వేషం లేదు, ఎవరికీ గుర్తు రాలేదు, అంతే. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో లోపలి ఉద్యోగి పంపిన రెజ్యూమే ముందు చూస్తారని అందరికీ తెలుసు. ఆ లోపలి ఉద్యోగి మన గల్లీలో లేకపోవడమే తేడా.

అలాంటి పిల్లలు అడిగితే నేను చెప్పేది ఇది. సాయంత్రాలు మీవి కావు సరే, మధ్యాహ్నాలు ఉన్నాయి. భోజనానికి రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చోవద్దు. వారానికోసారైనా వేరే విభాగం మనిషితో తినండి, వాళ్ళ పనిలో చిక్కేమిటో అడగండి, నిజంగా తెలుసుకోవాలని అడగండి. మీకన్నా నాలుగైదేళ్ళు సీనియరైనవాళ్ళకు ఉత్తరం రాస్తే ఉద్యోగం ఇప్పించమని మొదటి వాక్యంలో రాయకండి. వాళ్ళు చేసిన పనిలో ఒకదాని గురించి తెలివైన ప్రశ్న వేయండి. జవాబు వస్తే, ఆ సలహా పాటించి ఏమైందో నెల తర్వాత రెండు ముక్కలు రాయండి. ఆ రెండో ఉత్తరం చాలామంది రాయరు. సలహా ఇచ్చినవాళ్ళకు, తమ మాట ఎక్కడికి చేరిందో తెలియడంకన్నా సంతోషం ఉండదు. పాత మేనేజరు పదవి పోగొట్టుకున్నప్పుడు ఫోన్ చేయండి. అప్పుడే చేయండి. మీ తర్వాత చేరిన కుర్రాడికి దారి చూపించండి, రేపు మీకంటే ముందు మీ కంపెనీ దాటి వెళ్ళేది అతనే.

ఇక ఇంట్లో పెద్దలకు ఒక మాట. ఆఫీసువాళ్ళు ఆదివారం భోజనానికి కలుస్తున్నారని అమ్మాయి చెబితే, అది షికారు కాదు, అదీ ఉద్యోగంలో భాగమే. పంపించండి. ఆ రోజు తిరుగు ప్రయాణానికి మీరే ఎదురెళ్ళి తీసుకురండి.

లేవకండి, ఒక్క మనిషి గురించి చెప్పి వదిలేస్తాను. సాలార్‌జంగ్ పిలిపించినవాళ్ళలో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ ఒకడు. లక్నో కానింగ్ కళాశాలలో అరబ్బీ పాఠాలు చెప్పే పండితుడు. దివాను దగ్గర కార్యదర్శిగా చేరాడు. 1883లో సాలార్‌జంగ్ హఠాత్తుగా పోయాడు. మాదన్నలా ఒకే మనిషి దయ మీద నిలిచి ఉంటే, పెద్దదిక్కు పోగానే బిల్‌గ్రామీ కథ ముగియాలి. ముగియలేదు. అప్పటికే పండితులతో, అధికారులతో, యువ నిజాంతో ఆయనకు సొంత పనుల మీద కట్టుకున్న సంబంధాలున్నాయి. 1888లో, ఇంకొందరు పండితులతో కలిసి, అరబ్బీ గ్రంథాలు అచ్చువేసే దాయిరతుల్ మారిఫ్‌ను నిలబెట్టాడు. 1891లో ఆసఫియా గ్రంథాలయానికి పునాది వేశాడు, అఫ్జల్‌గంజ్‌లో ఇవాళ మన పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకునే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అదే. 1907లో లండన్‌లోని ఇండియా కౌన్సిల్‌లో మొట్టమొదటిసారి ఇద్దరు భారతీయులకు చోటిచ్చినప్పుడు, అందులో ఒకరు కె.జి. గుప్తా, రెండోవారు ఈ హైదరాబాదు ఉద్యోగి.